జత కుదిరేదాకా



మా మావయ్యది తెనాలి. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు. కిందటి సంక్రాంతికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు దుప్పటి కోసం బీరువా తెరిస్తే, మడతల మధ్య చిన్న తెల్ల అట్టపెట్టె కనిపించింది. లోపల చేతికి పెట్టుకునే బ్యాండు. అడుగులు లెక్కపెడుతుంది, నాడి చూస్తుంది, రాత్రి ఎంతసేపు నిద్రపోయామో చెబుతుంది. డాలస్‌లో ఉన్న మా మరదలు వాళ్ళ నాన్నకని, ఏడు నెలల కిందట ఎవరో ఇటు వస్తుంటే వాళ్ళ చేతికిచ్చి పంపించింది.

"ఇదేంటి మావయ్యా, పెట్టుకోవట్లేదా?" అన్నాను.

"అది ఫోనుతో కలవట్లేదమ్మాయ్. పక్కింటి కుర్రాడు ఓ పూటంతా కుస్తీ పట్టాడు, వాడి వల్లా కాలేదు. మా పిల్ల వచ్చినప్పుడు చూసుకోవచ్చులే అని లోపల పెట్టేశా" అన్నారు.

ఈ మాట నేను చాలా ఇళ్ళలో విన్నాను. పిల్లలు దూరాన ఉన్న ఇళ్ళలో, బీరువాల్లో, టీవీ కింద సొరుగుల్లో ఇలాంటి పెట్టెలు ఉంటున్నాయి. వస్తువు బాగానే ఉంటుంది. పెద్దవాళ్ళ బుర్రా బాగానే ఉంటుంది. మధ్యలో ఒకే ఒక్క మెట్టు అడ్డుపడుతుంది. దాన్ని పెయిరింగ్ అంటున్నాం. తెలుగులో చెప్పాలంటే జత కలపడం. ఈరోజు నాకిచ్చిన సమయమంతా ఆ ఒక్క మెట్టు గురించే మాట్లాడతాను.

నా మనసులో ఉన్నమాట ముందే చెప్పేస్తాను. బ్యాండు ఎవరి చేతికి ఉండబోతుందో, ఈ జత కలిపే పని వాళ్ళ చేతే చేయించాలి. మీరు పక్కన కూర్చోండి, కళ్ళజోడు తెచ్చివ్వండి, అక్షరాలు చిన్నవైతే చదివి పెట్టండి. "ఇలా ఇవ్వండి, నేను రెండు నిమిషాల్లో చేసేస్తాను" అని ఫోను మాత్రం తీసుకోవద్దు. ఎందుకంత పట్టుదల అంటారా, ఆ రోజు మా మావయ్యతో కూర్చుని గడిపిన మూడు గంటల్లో ఏం జరిగిందో వింటే మీకే తెలుస్తుంది.

మొదటి రెండు గంటలూ చార్జింగుకే పోయాయి. ఏడు నెలలు పెట్టెలో పడుందిగా, బ్యాటరీ పూర్తిగా అడుగంటింది. బ్యాటరీ చివరికొచ్చిన బ్యాండు జత కలిపే మధ్యలో ఆరిపోతే, ఫోనులో సగం, బ్యాండులో సగం నమోదై ఇంకో చిక్కు వచ్చిపడుతుంది. కాబట్టి ముందు చార్జింగు నింపండి. ఆ రెండు గంటలూ మేము అరిసెలు తింటూ, పక్కింటి కుర్రాడి ప్రయత్నం ఎందుకు విఫలమైందో మాట్లాడుకున్నాం. నాకు ఈ భాగమే బాగా ఇష్టం.

మీరిప్పుడు నా మాట వింటున్నది రేడియో తరంగాల మీద. బ్యాండూ ఫోనూ మాట్లాడుకునేదీ రేడియో తరంగాల మీదే. ఆకాశవాణి హైదరాబాద్ 'ఎ' కేంద్రం మీడియం వేవ్ ప్రసారం 738 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. ఆ తరంగం పొడవు 400 మీటర్ల పైమాటే. బ్లూటూత్ తరంగం 2.4 గిగాహెర్ట్జ్. దాని పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, అంటే జానెడులో సగానికి కాస్త ఎక్కువ. మీడియం వేవ్ ఊళ్ళూ పొలాలూ దాటుకుని వస్తుంది. బ్యాండులోంచి వచ్చేది చాలా తక్కువ శక్తితో వస్తుంది కాబట్టి, హాల్లోంచి వంటింట్లోకి చేరేసరికే నీరసపడుతుంది. పైగా మన ఒంట్లో ఎక్కువ భాగం నీరు. ఆ నీరు ఈ తరంగాన్ని బాగా పీల్చేస్తుంది. ఎడమ చేతికి బ్యాండు పెట్టుకుని, ఫోను కుడివైపు వెనక జేబులో పెట్టుకుంటే, మధ్యలో మన ఒళ్ళే గోడలా అడ్డం నిలుస్తుంది. అందుకని జత కలిపేటప్పుడు రెండిటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టాలి.

ఇంత చిన్న బ్యాటరీ వారం, పది రోజులు ఎలా వస్తుందని మావయ్య అడిగారు. 2010లో వచ్చిన బ్లూటూత్ 4.0తో తక్కువ కరెంటు వాడే ఒక కొత్త పద్ధతి మొదలైంది. ఆ పద్ధతిలో బ్యాండులోని రేడియో ఎక్కువసేపు నిద్రలోనే ఉంటుంది. నడుమనడుమ లేచి, కనురెప్పపాటు కన్నా తక్కువసేపు, "నేనిక్కడున్నాను" అని కేకేసి మళ్ళీ పడుకుంటుంది. ఈ పద్ధతికి కేటాయించిన 40 ఛానళ్ళలో మూడింటిని ముఖ్యంగా ఈ కేకల కోసమే ఉంచారు. ఏదైనా ఫోను ఆ కేకకు పలికి పట్టుకుందంటే, బ్యాండు కేకలు ఆపేస్తుంది. ఇక ఆ ఫోనుతోనే మాట.

కుర్రాడి చిక్కు ఇక్కడే ఉంది. అతను ఫోను సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, బ్లూటూత్ జాబితాలో బ్యాండు పేరు కనిపిస్తే నొక్కి కలిపేశాడు. చెవుల్లో పెట్టుకునే ఇయర్‌బడ్స్‌కి అదే పద్ధతి, కాబట్టి అతని తప్పేమీ లేదు. కానీ ఇలాంటి బ్యాండ్లను వాటి సొంత యాప్‌లోంచే కలపాలి. సెట్టింగ్స్ ముందే పట్టేసుకుంటే బ్యాండు కేకలు మానేస్తుంది. తర్వాత యాప్ ఎంత వెతికినా దానికి వినపడేది ఏమీ ఉండదు. మేము ఆ జాబితాలోకి వెళ్ళి బ్యాండు పేరు పక్కనున్న గుర్తు నొక్కి, 'మర్చిపో' అన్న చోట నొక్కాం. ఆ నొక్కడం కూడా మావయ్యే నొక్కారు.

"అసలీ బ్లూటూత్ అనే పేరేంటమ్మాయ్, నీలిపన్నూ?" అన్నారు నొక్కుతూ. పదో శతాబ్దంలో డెన్మార్క్‌ను ఏలిన హెరాల్డ్ అనే రాజు మారుపేరు అది. ఫోను మీద కనిపించే ఆ గుర్తు, ఆయన పేరులోని రెండు పొడి అక్షరాలను వాళ్ళ ప్రాచీన లిపిలో ఒకదాని మీద ఒకటి వేస్తే వచ్చింది.

పెట్టెలోని చిన్న పుస్తకం మీదున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి యాప్ దించుకున్నాం. యాప్ వెంటనే బ్యాండును పసిగట్టింది. మావయ్య ముఖం వెలిగింది. ఆ వెంటనే ఇంకో కబురు వచ్చింది: ఈ బ్యాండు ఇదివరకే వేరే ఖాతాకు చేరి ఉంది.

మా మరదలు పంపే ముందు, పనిచేస్తుందో లేదో చూద్దామని తన ఫోనుతో కలిపి చూసిందట. ప్రేమతో చేసిన పనే. కానీ చాలా బ్యాండ్లు మొదట కలిసిన ఖాతాను గుర్తుపెట్టుకుంటాయి. ఆ ఖాతా విడిచిపెడితే తప్ప ఇంకొకరి దగ్గరికి రావు. దొంగ ఎత్తుకుపోయినా వాడికి పనికిరాకుండా ఉండాలని పెట్టిన ఏర్పాటు ఇది. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాం, అక్కడ పొద్దున తొమ్మిదిన్నర. "అయ్యో, నేను తీసెయ్యడం మర్చిపోయాను నాన్నా" అంటూ ఆ అమ్మాయి తన యాప్‌లోంచి బ్యాండును తొలగించింది. ఒక్క నిమిషం పని. ఆ ఒక్క నిమిషం ఏడు నెలలు ఆగింది. విదేశాల నుంచి అమ్మానాన్నలకు ఇవి పంపే వాళ్ళు నా మాట వింటుంటే, వాళ్ళకొక మనవి. పరీక్షించి చూడండి, తప్పులేదు. చూశాక మీ ఖాతాలోంచి తీసేసి, అప్పుడు పెట్టెలో పెట్టండి.

తర్వాత ఖాతా. "మా అమ్మాయి మెయిలు వేసెయ్, సరిపోద్ది" అన్నారు మావయ్య. నేను ఒప్పుకోలేదు. ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందో ఖాతా వాళ్ళది. రేపు ఫోను మారిస్తే, పాస్‌వర్డు మర్చిపోతే, అర్ధరాత్రి డాలస్ నుంచి ఆరంకెలు చదివించుకోవాలి. అదీగాక, ఆయన గుండె చప్పుడు ఆయన పేరు మీద కాకుండా ఇంకొకరి పేరు మీద జమ కావడమేంటి? ఆయన నంబరుతోనే ఖాతా తెరిచాం. పాస్‌వర్డు ఆయనే ఆలోచించి, తన డైరీలో వెనక పేజీలో రాసుకున్నారు.

ఇక అనుమతులు. ఇక్కడ చాలామంది కళ్ళు మూసుకుని 'అనుమతించు, అనుమతించు' అని నొక్కుకుంటూ పోతారు. మావయ్య లెక్కల మాస్టారు కదా, ప్రతి మెట్టూ చదివారు. సమీపంలోని పరికరాలను వెతకనివ్వమంది, సరే. లొకేషన్ అడిగింది. ఆయన ఆగారు.

"నేను అడుగులేసేది నా కాళ్ళతో. నేనెక్కడున్నానో దానికెందుకు?"

ఎంత మంచి ప్రశ్న! దానికి రెండు జవాబులున్నాయి. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో, చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలేమున్నాయో తెలిస్తే మనిషి ఎక్కడున్నాడో కూడా పసిగట్టవచ్చు కాబట్టి, బ్లూటూత్ వెతుకులాటకు కూడా లొకేషన్ అనుమతి తప్పనిసరి చేశారు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి ఈ రెండిటినీ విడదీసి, సమీప పరికరాలకు వేరే అనుమతి పెట్టారు. కాబట్టి పాత ఫోనైతే జత కలిపేటప్పుడు లొకేషన్ ఇవ్వక తప్పదు. చాలామందికి "బ్యాండు దొరకలేదు" అని రావడానికి కారణం, లొకేషన్ ఆఫ్ చేసి ఉండడమే. కొత్త ఫోనైతే, నడిచిన దారి మ్యాపులో గీసి చూపించాలంటేనే దానితో పని. మనిష్టం.

ఆ ఇష్టం చిన్న విషయం కాదు. 2018 జనవరిలో ప్రపంచమంతా ఒక సంగతి చెప్పుకుంది. స్ట్రావా అనే యాప్ తన వాడకందార్లు పరుగెత్తిన, సైకిలు తొక్కిన దారులన్నీ కలిపి ప్రపంచ పటం మీద వెలుగు గీతలుగా వేసింది. పేర్లేమీ లేవు. కానీ అఫ్గానిస్తాన్, సిరియా లాంటి చోట్ల, చీకటిగా ఉండాల్సిన ఎడారిలో చక్కటి గీతలు వెలిగాయి. సైనికులు తమ స్థావరాల చుట్టూ పొద్దున్నే పరుగెత్తిన దారులవి. ఎవరూ రహస్యం చెప్పలేదు, కాళ్ళు చెప్పేశాయి. మన దేశంలో 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి అనేది తెలిసి, స్పష్టంగా, ఇష్టపూర్వకంగా ఇచ్చేదై ఉండాలని, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలని అంటుంది. వేరొకరి వేలు నొక్కిన 'అనుమతించు'లో ఆ తెలియడం ఎక్కడుంది చెప్పండి? మావయ్య లొకేషన్ వద్దన్నారు. ఆయన ఫోను కొత్తదే, కుదిరింది. కాంటాక్టులు, ఎవరు ఫోన్ చేస్తున్నారో బ్యాండు మీద కనిపించడానికి, ఇచ్చారు. మెసేజీలు వద్దన్నారు.

ఇప్పుడు అసలు ముహూర్తం. ఫోను మీద ఆరంకెల సంఖ్య ఒకటి, బ్యాండు మీద ఆరంకెల సంఖ్య ఒకటి ప్రత్యక్షమయ్యాయి. రెండూ ఒకటేనా అని అడిగింది. అన్ని బ్యాండ్లలో ఇలా రాదు. కొన్నిటిలో బ్యాండు మీద టిక్కు గుర్తు నొక్కమని మాత్రమే వస్తుంది. ఈ బ్యాండులో వచ్చింది. మావయ్య రెండూ పక్కపక్కన పెట్టి, అంకె అంకె చదివి సరిచూశారు. నొక్కబోయి, "ఈ నంబరెందుకు?" అన్నారు.

పశువుల సంతలో బేరం చూసినవాళ్ళకు తెలుసు. కొనేవాడూ దళారీ తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ నలుగురు నిలబడినా ధర ఎవరికీ తెలియదు. బ్యాండుకీ ఫోనుకీ మధ్య తువ్వాలు లేదు. గాలిలో అరిచి చెప్పుకోవాలి, పక్కింటి ఫోనుకు కూడా వినబడుతుంది. అందరికీ వినిపించేలా మాట్లాడుకుంటూ, ఇద్దరికే తెలిసే రహస్యం కుదుర్చుకోవడం సాధ్యమా? సాధ్యమేనని 1976లో అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ చూపించారు. దీన్ని మావయ్యకు మాటలతో చెబితే ఒప్పుకోరు. క్యాలెండరు కాగితం తిరగేసి లెక్క వేశాం. శ్రోతల్లో కాగితం, పెన్ను దగ్గరున్నవాళ్ళు మీరూ వేయండి.

రెండు సంఖ్యలు అందరికీ తెలిసేలా అనుకుందాం: 2, 19. మావయ్య మనసులో ఒక అంకె అనుకున్నారు, 5. నాకు చెప్పలేదు. రెండును అయిదుసార్లు వేసి హెచ్చిస్తే 32. దాన్ని 19తో భాగిస్తే శేషం 13. "పదమూడు" అని పైకి చెప్పారు. నేను 3 అనుకున్నాను. రెండును మూడుసార్లు హెచ్చిస్తే 8. 19 కన్నా తక్కువే కాబట్టి శేషం 8. "ఎనిమిది" అన్నాను. ఇప్పుడు ఆయన నా ఎనిమిదిని తన రహస్య అంకె ప్రకారం అయిదుసార్లు వేసి హెచ్చించారు, 32,768. పందొమ్మిదితో భాగిస్తే శేషం 12. నేను ఆయన పదమూడును మూడుసార్లు హెచ్చించాను, 2,197. శేషం 12. ఇద్దరికీ పన్నెండే! పక్కన కూర్చున్న మా అమ్మ రెండు, పందొమ్మిది, పదమూడు, ఎనిమిది విన్నది. పన్నెండు అనే మాట మాత్రం ఆ గదిలో ఎవరి నోటా రాలేదు.

మావయ్య ఆ కాగితం వైపు చాలాసేపు చూశారు. "ముప్పై నాలుగేళ్ళు శేషాలు చెప్పాను. ఇవి ఇందుకు పనికొస్తాయని నాకెవరూ చెప్పలేదు" అన్నారు.

2014లో వచ్చిన బ్లూటూత్ 4.2 నుంచి, తక్కువ కరెంటు పద్ధతిలోనూ జత కలపడానికి ఈ సూత్రాన్నే వక్రరేఖల గణితంలోకి మార్చి వాడుతున్నారు. అక్కడి సంఖ్యలు డెబ్బై అంకెలు దాటి ఉంటాయి కాబట్టి, పైకి వినిపించిన వాటి నుంచి లోపలి రహస్యం వెనక్కి లాగడం అసాధ్యమంత కష్టం. అయితే ఒక ప్రమాదం మిగులుతుంది. మధ్యలో ఎవరో కూర్చుని, ఫోనుతో తానే బ్యాండునని, బ్యాండుతో తానే ఫోనునని చెబితే? ఆ ఆరంకెలు అందుకే. అది కుదిరిన లెక్క నుంచి పుట్టిన సంఖ్య. మధ్యవాడుంటే రెండు వైపులా వేర్వేరుగా వస్తుంది. వాడు అదృష్టం కొద్దీ సరిపోల్చాలంటే 10 లక్షల్లో ఒక్క అవకాశం. ఆ లెక్క మావయ్యే చెప్పారు, నేను చెప్పే లోపలే. ఆ తర్వాత నొక్కారు. బ్యాండు ఒకసారి వణికింది. జత కుదిరింది. ఇద్దరి మధ్యా కుదిరిన ఆ రహస్యమే తాళంచెవిలా రెండిట్లోనూ దాచి ఉంటుంది, మళ్ళీ మళ్ళీ అడగదు. ఫోను మార్చినప్పుడే మళ్ళీ ఈ తంతు.

వయసు, ఎత్తు, బరువు, ఏ చేతికి పెట్టుకుంటారు అన్నవి నిజంగా నింపండి. మా మరదలి ఖాతాలోనే ఉంచి ఉంటే ఏమయ్యేదో చూడండి. గుండె గరిష్ఠంగా ఎంత వేగంగా కొట్టుకోవచ్చో మోటుగా లెక్కగట్టడానికి 220లోంచి వయసు తీసేస్తారు. ఆ అమ్మాయికి ముప్పై రెండు, 188 వస్తుంది. వాళ్ళ నాన్నకి 152. ఆయన ఆయాసపడేంత వేగంగా నడుస్తున్నా, "ఇంకా తేలికపాటి నడకే" అని బ్యాండు చెప్పేది. నడిచిన దూరం కూడా ఎత్తును బట్టి అంగ ఎంతో ఊహించి కట్టేదే.

యాప్ తనంతట తాను రోజుకు 10,000 అడుగుల లక్ష్యం పెట్టింది. మావయ్య గుండె జారింది. ఈ పదివేలు వైద్యులు పరిశోధించి చెప్పిన సంఖ్య కాదు. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది, ఆ పేరుకు అర్థమే పదివేల అడుగుల మీటరు అని. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళున్న 16 వేలమందికి పైగా స్త్రీల మీద చేసిన అధ్యయనంలో, రోజుకు 4,400 అడుగులు వేసేవాళ్ళలో కూడా 2,700 వేసేవాళ్ళ కన్నా మరణాలు తక్కువగా కనిపించాయి. 7,500 దగ్గర ఆ మేలు ఇంచుమించు నిలకడకు వచ్చింది. మావయ్య తన లక్ష్యాన్ని 5,000కి దించుకున్నారు. ఇంకో మాట. బ్యాండు అడుగున మెరిసే ఆకుపచ్చ వెలుగు చర్మం కింద నెత్తురు ఎంత పీల్చుకుందో చూసి నాడి లెక్కగడుతుంది. బ్యాండు వదులుగా ఉంటే తప్పు చెబుతుంది. గుండెలో నొప్పి వస్తే దాని వైపు చూడకండి, 108కి ఫోన్ చేయండి.

మూడో రోజు మావయ్య ఫోన్ చేశారు. "నిన్నటి అడుగులు రాలేదమ్మాయ్, మళ్ళీ తెగిపోయింది." తెగలేదు. బ్యాటరీ ఆదా చేయాలని ఫోను ఆ యాప్‌ను నిద్రపుచ్చేసింది. కొన్ని ఫోన్లు ఈ విషయంలో మరీ గట్టిగా ఉంటాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్ బ్యాటరీ వాడకం దగ్గర ఆంక్షలు తీసేయాలి. ఫోన్లోనే దారి చెబుతూంటే ఆయనే వెతుక్కుని తీసేశారు. ఈలోగా పోయిన అడుగులేమీ లేవు. బ్యాండు కొద్ది రోజుల లెక్క తన దగ్గరే దాచిపెట్టుకుంటుంది, మళ్ళీ కలిసినప్పుడు అప్పగిస్తుంది. చెప్పిన కాసేపటికే, "వచ్చాయ్, వచ్చాయ్, నిన్నటివి 4,860" అన్న మాట వినిపించింది.

ఆ వారంలోనే మా మరదలు అడిగిందట, తన యాప్‌లో నాన్న వివరాలు కనిపించేలా పెట్టమని. పంచుకునే ఏర్పాటు ఆ యాప్‌లో ఉంది. ఏవి చూపించాలో విడివిడిగా ఎంచుకోవచ్చు. అది ఎక్కడుందో చెప్పమని మావయ్య నాకు ఫోన్ చేశారు. చెప్పాను. ఒక్కొక్కటే చదువుకుంటూ నొక్కారు. అడుగులు, సరే. నాడి, సరే. నిద్ర దగ్గరికొచ్చాక ఆగారు. అత్తయ్య పోయి రెండేళ్ళయింది. రాత్రిళ్ళు మూడింటికి లేచి వరండాలో కూర్చుంటారని మా అందరికీ తెలుసు.

"నిద్ర వద్దులే" అన్నారు. "ఆ సంగతి దానికి నేను నోటితో చెబుతాను."